మైకు సెట్టులో ఒక వాల్వు, ఫైలులో ఒక ఎస్టిమేటు

"మీ ఆఫీసులో వాడిన ఏదైనా పాత వస్తువు చరిత్ర రాయండి" అని మన ప్రత్యేక సంచిక కోసం కార్యదర్శి గారు అడిగినప్పుడు, మిత్రులు కొందరు టైపు మిషన్ గురించి, కొందరు సైక్లోస్టైల్ గురించి రాస్తామన్నారు. నాకు మాత్రం ముందుగా మా ఆఫీసు వాల్వుల మైకు సెట్టు గుర్తుకొచ్చింది. నేను గుమాస్తాను, ఇంజనీరును కాను. అయితే 1973లో ఉద్యోగంలో చేరిన నాటి నుండి పదమూడేళ్లు ఆ సెట్టు నమోదైన స్టాక్ రిజిస్టరు నా చేతిలోనే ఉంది. 1982లో దాని పవర్ సప్లైలో జరిగిన ఒక చిన్న మార్పుకు నోటు పెట్టింది కూడా నేనే. ఆ మార్పు చరిత్ర ఇంతవరకు ఏ ఫైలులోనూ సరిగా లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు మా ప్రాంతం సంగతి రెండు మాటలు చెప్పాలి. భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిసింది. ఖమ్మం జిల్లా కూడా అప్పటికి కొత్తదే, 1953లో వరంగల్ నుండి విడదీశారు. అంతకు ముందు గోదావరికి ఈ ఒడ్డున నిజాం పాలన, ఆ ఒడ్డున మద్రాసు పాలన. రేడియో కూడా అలాగే. ఈ ఒడ్డు వాళ్లకు 1935 నుండి హైదరాబాద్ దక్కన్ రేడియో. ఆ ఒడ్డు వాళ్లకు 1948 చివరలో విజయవాడ కేంద్రం వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. అప్పటిదాకా ఏటి అవతలికి ఏ సామాను వెళ్లాలన్నా పడవే దిక్కు. మైకు సెట్టు, బ్యాటరీలు, గొట్టం స్పీకర్లు అన్నీ పడవెక్కి దిగినవే.

కరెంటు లేని ఊళ్లలో సెట్టు ఎలా పలికేదని ఈనాటి పిల్లలు అడుగుతారు. మోటారు బ్యాటరీతో పలికేది. వాల్వులకు మూడు నాలుగు వందల వోల్టులు కావాలి, బ్యాటరీలో ఉన్నవేమో ఆరో, పన్నెండో. అందుకని లోపల వైబ్రేటర్ అనే చిన్న డబ్బా ఉండేది. అందులో ఒక సన్నటి ఉక్కు రేకు తేనెటీగలా గుయ్యిమని కొట్టుకుంటూ కరెంటును తుంచి తుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపేది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచేది. పెంచినదాన్ని మళ్లీ రెక్టిఫయర్ ఒకే దిక్కుకు మళ్లించేది. బ్యాటరీ దిగిపోతే బస్సు మీద కొత్తగూడెం పంపి, ఛార్జింగ్ అయి వచ్చేదాకా ఎదురుచూడటమే.

మా సెట్టు ఆ తరం తరువాతది. 1964లో కొన్నట్టు రిజిస్టరులో ఎంట్రీ. ముప్పై వాట్లు, వెనుక రెండు ఇ.ఎల్.34 వాల్వులు, పక్కన ఒక జి.జెడ్.34. కరెంటు మీద నడిచేది. రిపబ్లిక్ డేకు, ఆగస్టు పదిహేనుకు, కుటుంబ నియంత్రణ శిబిరాలకు, గోదావరి పెరిగినప్పుడు ప్రమాద హెచ్చరికలకు అదే గొంతు. శ్రీరామనవమి నాడు భద్రాచలం వెళ్లలేని వాళ్లు మా ఆఫీసు ఆవరణకే వచ్చేవారు. రేడియోను సెట్టుకు కలిపితే ఉషశ్రీ గారి కల్యాణ వ్యాఖ్యానం చింతచెట్టు మీది గొట్టంలో నుండి ఊరంతా వినిపించేది. అడవిలోని గూడేల నుండి పిల్లలను చంకనేసుకుని నడిచి వచ్చిన కోయ తల్లులు చెట్టు కింద కూర్చుని విన్న దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఇక అసలు విషయం. మన ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. వాల్వులకు కావలసింది ఒకే దిక్కున నడిచే కరెంటు. సైకిల్ ట్యూబులోకి గాలి పోతుంది గాని వెనక్కి రాదు చూశారా, అక్కడ ఉండేది వాల్వే. 1904లో ఫ్లెమింగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గాజు బుడ్డిలో అదే పని కరెంటు చేత చేయించాడు. అందుకే దానికి వాల్వు అనే పేరు. వేడెక్కిన కాథోడ్ నుండి ప్లేటుకు కరెంటు నడుస్తుంది, ఎదురు నడవదు. ఇలా ఒక దిక్కుకు తిరిగిన కరెంటు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉంటుంది. కండెన్సర్లు దాన్ని తొట్టిలో నీళ్లలా నిల్వచేసి సమంగా వదులుతాయి. తొట్టి ఎంత ఎత్తు నీటిని తట్టుకుంటుందో కండెన్సర్ మీద రాసి ఉంటుంది. మా సెట్టులోవి 450 వోల్టులవి.

జి.జెడ్.34లో ఒక సుగుణం ఉంది. దాని కాథోడ్ మెల్లగా వేడెక్కుతుంది. స్విచ్ వేసిన వెంటనే హై వోల్టేజీ ఉరికి రాదు. ఇ.ఎల్.34లు కూడా వేడెక్కి కరెంటు తాగడానికి సిద్ధమయ్యే సమయానికే అదీ నెమ్మదిగా పైకొస్తుంది. పొయ్యి మీద ఎసరు, పక్కన కడిగిన బియ్యం, రెండూ ఒకే వేళకు తయారైనట్టు. పైగా తనలో తాను కొన్ని వోల్టులు మింగుతుంది. అది లోపమే అయినా, మిగతా భాగాలకు అదొక రక్ష.

తరువాత సిలికాన్ డయోడ్ వచ్చింది. చిక్కుడు గింజంత. దానికి ఫిలమెంటు అక్కరలేదు. జి.జెడ్.34 ఫిలమెంటుకే దాదాపు పది వాట్లు ఖర్చు, ఆ వేడి మొత్తం తగ్గుతుంది. డయోడ్ మింగేది ఒక వోల్టు. పగలదు, అరగదు. బెంగుళూరు బి.ఇ.ఎల్. 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది, మరుసటి ఏడే జెర్మేనియం సెమీకండక్టర్లు కూడా. అంటే మన దేశంలో వాల్వు, దాన్ని పడగొట్టబోయే వస్తువు ఇంచుమించు కవల పిల్లల్లా పుట్టాయి. 1980లు వచ్చేసరికి పల్లెటూళ్లలో మంచి రెక్టిఫయర్ వాల్వు దొరకడం గగనమైంది. కోఠీ గుజరాతీ గల్లీ దాకా మనిషిని పంపినా "పాతదుంది, గ్యారంటీ లేదు" అనేవారు. బి.వై.127 డయోడ్ మాత్రం రేడియో షాపు ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరికేది. మెకానిక్కులందరూ వాల్వు పీకి ఆ సాకెట్ కిందే డయోడ్లు అతికించడం మొదలుపెట్టారు. ఒక్క మన జిల్లాలోనే ఎన్ని సెట్లు అలా మారాయో లెక్కే లేదు.

1982 జనవరిలో, రిపబ్లిక్ డే ఇంకా నాలుగు రోజులుందనగా, మా జి.జెడ్.34 చచ్చిపోయింది. ఊళ్లో ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు, అందరూ రేడియో సాయిబు అనేవారు. నాకన్నా పదేళ్లు పెద్ద. కబురు చేస్తే వచ్చి, సెట్టు తిరగేసి చూసి, ఉర్దూ పొడిపొడి అక్షరాలు పక్కన పెట్టి నా కోసం తెలుగులో ఎస్టిమేటు రాసి ఇచ్చాడు. మొత్తం 138 రూపాయలు. నేను ఉలిక్కిపడ్డాను.

"నాలుగు డయోడ్లు పన్నెండు రూపాయలే కదా సాయిబూ, మిగతాదంతా ఏమిటి?" అన్నాను.

"గుమాస్తా గారూ, డయోడ్ ఒక్కటే పెడితే సెట్టు ఈ రోజు పలుకుతుంది. రేపటి మాట నాది కాదు" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అప్పుడు సగమే అర్థమైంది. పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అర్థమైన మేరకు ఇక్కడ రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు పాత సెట్లు బాగుచేసుకునే సరదా మళ్లీ వచ్చింది, మన మనవలు కొందరు ఇదే పని చేస్తున్నారు.

మా ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో పక్క 350 వోల్టులిచ్చేది. ఊగే కరెంటులో మనం చెప్పుకునే అంకె సగటు లాంటిది. అల శిఖరం దానికి 1.4 రెట్లకు కొంచెం పైన ఉంటుంది. అంటే 495 వోల్టులు. జి.జెడ్.34 ఉన్నప్పుడు, ఇ.ఎల్.34లు కరెంటు తాగుతూ ఉన్నప్పుడు, కండెన్సర్ మీద 400 దగ్గర నిలిచేది. డయోడ్ పెడితే స్విచ్ వేసిన మరుక్షణమే, ఇంకా ఏ వాల్వూ వేడెక్కక ముందే, శిఖరం మొత్తం 495 వచ్చి 450 వోల్టుల కండెన్సర్ మీద కూర్చుంటుంది. పది పదిహేను సెకన్ల తరువాత వాల్వులు వేడెక్కి లాగితే తగ్గుతుంది, తగ్గినా మునుపటి కన్నా ఎక్కువే ఉంటుంది.

ఇందుకు సాయిబు నాలుగు పనులు చెప్పాడు. ఒక్కో పక్క డయోడ్లు రెండేసి వరుసలో పెట్టాలి, ఎందుకంటే ఎదురు దిక్కున డయోడ్ మీద పడే వోల్టేజీ శిఖరానికి రెండింతలు, దాదాపు 990. బి.వై.127 మీద 1250 అని ఉన్నా, బజారు సరుకును ఆ అంచు దాకా నమ్మకూడదు. రెండోది, డయోడ్ల తరువాత ఒక లావుపాటి వైర్ వౌండ్ రెసిస్టర్. వాల్వు మింగే వోల్టులను ఇక మీదట అది మింగుతుంది. నేను ఇక్కడే పొరపాటు పడ్డాను. రెసిస్టర్ పెడితే చాలదా, మిగతావన్నీ దేనికి అన్నాను. రెసిస్టర్ మింగేది కరెంటు పారుతున్నప్పుడే. స్విచ్ వేసిన కొత్తలో వాల్వులు చల్లగా ఉన్నప్పుడు పారే కరెంటే లేదు, కాబట్టి అది మింగేదీ లేదు. అందుకని మూడోది, ఒక్కో కండెన్సర్ స్థానంలో రెండు కండెన్సర్లు వరుసలో, వాటి మధ్య వోల్టేజీ సమంగా పంచడానికి పక్కన చిన్న రెసిస్టర్లు. నాలుగోది, ఇంకొక స్విచ్. మొదటిదానితో ఫిలమెంట్లు వెలగాలి, ఒక నిమిషం ఆగి రెండోదానితో హై వోల్టేజీ ఇవ్వాలి. జి.జెడ్.34 తనంతట తాను చేసే పనిని చేత్తో చేయించడమన్న మాట.

మా ఆఫీసులో వంద రూపాయలు దాటిన మరమ్మతుకు మూడు కొటేషన్లు కావాలి. రిపబ్లిక్ డే నెత్తి మీద ఉంది. మూడు కొటేషన్లకు ఖమ్మం వెళ్లి రావాలి. నేను ఎర్ర సిరా పెన్ను తీసి డయోడ్లు, మజూరీ ఉంచి మిగతావన్నీ కొట్టేశాను. మజూరీ కూడా ముప్పై నుండి ఇరవై చేశాను. మొత్తం 32 రూపాయలు. "అత్యవసరం కాని భాగములు తొలగించడమైనది" అని నోటు పెట్టాను. అధికారి గారు సంతకం చేశారు. పొదుపరి గుమాస్తా అని మెచ్చుకున్నారు కూడా. సాయిబు ఒక్క మాట మాట్లాడకుండా డయోడ్లు అతికించి, ఖాళీ సాకెట్ అలాగే ఉంచి వెళ్లాడు.

సెట్టు నాలుగేళ్లు బ్రహ్మాండంగా పలికింది. మునుపటి కన్నా గట్టిగా పలికింది. నా నిర్ణయం సరైనదేనని నేను నలుగురిలో చెప్పుకున్నాను కూడా. అసలు కారణం వేరు. మాది పొడవాటి లైను చివర ఊరు. పాల్వంచలో 1966 నుండి కరెంటు పుడుతున్నా, అడవి అంచుకు చేరేసరికి సాయంత్రాలు 190, 195 వోల్టులే. ట్యూబులైట్లు వెలిగేవి కావు, ఇళ్లలో బూస్టర్లు పెట్టుకునేవాళ్లం. ఆ తక్కువ వోల్టేజీ మీద మా సెట్టులో శిఖరం 440 దగ్గరే ఆగేది. కండెన్సర్ అంకెకు లోపలే. ఊరంతా తిట్టుకున్న లో వోల్టేజీయే నా తప్పును కాపాడుతూ వచ్చింది. ఒక హెచ్చరిక మాత్రం వచ్చింది. పగటిపూట కరెంటు బాగున్నప్పుడు స్విచ్ వేయగానే రెండు మూడు సార్లు ఫ్యూజు పోయింది. ఖాళీ కండెన్సర్లు ఒక్కసారిగా నిండేటప్పుడు డయోడ్ గుండా కరెంటు ఉరికి వస్తుంది, దాని గుర్తు అది. మేము ఏం చేశామంటే, ఫ్యూజులో కొంచెం లావు తీగ వేశాము.

1986 ఆగస్టు మిత్రులందరికీ గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి హెచ్చరిక, 48 వద్ద రెండోది, 53 వద్ద మూడోది. ఆ ఏడాది ఆగస్టు 16న నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అంతకు ముందు గానీ, ఇంతవరకు గానీ, భద్రాచలం వద్ద నమోదైన వాటిలో అదే అత్యధికం. మా ఆఫీసు ఎత్తు మీద ఉంది. పదిహేనో తారీఖు పొద్దున జెండా వందనానికి బయటికి తీసిన సెట్టు ఇంకా వరండాలోనే ఉంది. ఆ రాత్రి పల్లపు వాడల వాళ్లను లేపి పైకి రప్పించమని ఉత్తర్వు. లైను కరెంటు ఎప్పుడో పోయింది. సినిమా హాలు జనరేటరు తెప్పించాం. ఆ జనరేటరుకు మా సెట్టు బరువు ఒక లెక్క కాదు. ఇంజను ఊపు మీద ఉంది, మీటరు ముల్లు 250 దగ్గర ఊగుతోంది. సెట్టు వెనుక ప్లగ్గు 220 మీద ఉంది. ఆ లెక్కన శిఖరం 560 దాటుతుంది. ఈ లెక్క ఇప్పుడు వేస్తున్నాను. అప్పుడు వేసిన వాళ్లెవరూ లేరు. స్విచ్ వేసింది నేనే.

ఐదారు సెకన్లు. టపాకాయ పేలినట్టు చప్పుడు, వెంటనే రెండోది. కండెన్సర్ లోపలి రేకు, కాగితం వరండా అంతా చిమ్మాయి. పుల్లటి ఘాటు వాసన. ఫ్యూజులో లావు తీగ ఉంది కనుక అది పోలేదు. జనరేటరు ఆపేలోగా ట్రాన్స్‌ఫార్మర్ నుండి పొగ.

ఆ తరువాత డప్పులే. గ్రామ నౌకర్లు ఇద్దరు, మా అటెండరు, నేను, మోకాలి లోతు నీళ్లలో లాంతరు పట్టుకుని వాడవాడకూ తిరిగాం. వానహోరులో డప్పు వంద గజాలు వినిపిస్తే ఎక్కువ. చివరి వాడకు చేరేసరికి తెల్లవారుజాము. మనుషులందరూ బయటపడ్డారు. కొట్టాల్లో కట్టేసిన పశువులను విప్పే వ్యవధి లేకపోయింది. ఒక ముసలాయన తన ఎడ్లజత పేర్లు పెట్టి పిలుస్తూ గట్టు మీద నిలబడ్డాడు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

వరద తగ్గాక సంజాయిషీ మెమో వచ్చింది. కీలక సమయంలో సెట్టు ఎందుకు చెడిపోయింది? జవాబు ముసాయిదా నేను రాశాను. "ప్రైవేటు మెకానిక్ చేసిన నాసిరకం మరమ్మతు వలన" అని రాశాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఎర్ర సిరా కొట్టివేతలతో ఆయన ఎస్టిమేటు అదే ఫైలులో ఉందనీ తెలుసు. సాయిబును మరమ్మతుల జాబితా నుండి తొలగించారు. మిగతా ఆఫీసులూ ఆయనను పిలవడం మానేశాయి. ఒక రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడి, "గుమాస్తా గారూ, నా కాయితం ఫైల్లో ఉంది కదా?" అన్నాడు. "చూస్తాను" అన్నాను. ఆయన ఇంకా కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.

2009లో రిటైరయ్యాను. తరువాత రాష్ట్రం విడిపోయింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పాల్వంచ పాత స్టేషను కూలింగ్ టవర్లను 2024లో కూల్చివేస్తుంటే టీవీలో చూశాను. దానికి కొద్ది నెలల తరువాత ఒక పెళ్లికి ఆ ఊరు వెళ్లినప్పుడు సాయిబు షాపు వెతుక్కుంటూ పోయాను. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. లోపలి గదిలో, గుడ్డ కప్పి, మా సెట్టు! పనికిరాని సామాను వేలంలో నాన్న కొన్నాడని, ట్రాన్స్‌ఫార్మర్ స్వయంగా చుట్టాడని, ఎవరికీ అమ్మవద్దన్నాడని చెప్పాడు. అడిగితే కింది మూత విప్పి చూపించాడు. వరుసలో రెండేసి డయోడ్లు. లావుపాటి రెసిస్టర్. జంటలుగా నాలుగు కండెన్సర్లు, వాటి పక్కన చిన్న రెసిస్టర్లు. ముందు పలక మీద రెండో స్విచ్, దాని కింద ఉర్దూలో, తెలుగులో "ఒక నిమిషం తరువాత" అని గీసి ఉంది. జి.జెడ్.34 సాకెట్ ఖాళీగానే ఉంది. ఎవరో హైదరాబాద్ కుర్రాడు వచ్చి, ఈ డయోడ్లన్నీ పీకి మళ్లీ వాల్వు పెడితే పాట మెత్తగా వస్తుందని, మంచి ధర ఇస్తానని అన్నాడట. రష్యాలో, చైనాలో, స్లొవేకియాలో వాల్వులు ఇప్పటికీ తయారవుతున్నాయి. కుర్రాడి మాటలో తప్పు లేదు. కానీ కొడుకు ఇవ్వలేదు.

నేనెవరో చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను. అతను కొంతసేపు మూత స్క్రూలు బిగిస్తూ ఉండిపోయాడు. "ఆ కాయితం ఉంటే ఇస్తారా సార్?" అన్నాడు. ఆ కాలపు ఫైళ్లు గడువు తీరి ఎప్పుడో తగలబెట్టేశారు. నా జ్ఞాపకంలో ఉన్నదాన్ని ఈ సంచికలో అచ్చు వేయిస్తానని మాట ఇచ్చాను. అది ఇది:

1982 జనవరి నెలలో సమర్పించబడిన ఎస్టిమేటు. డయోడ్లు నాలుగు, 12 రూపాయలు. వైర్ వౌండ్ రెసిస్టర్ ఒకటి, 6 రూపాయలు. కండెన్సర్లు నాలుగు, 80 రూపాయలు. వాటికి రెసిస్టర్లు నాలుగు, 2 రూపాయలు. స్విచ్ ఒకటి, 8 రూపాయలు. మజూరీ 30 రూపాయలు. మొత్తం 138 రూపాయలు. ఇందులో డయోడ్లకు, మజూరీలో కొంత భాగానికి కలిపి 32 రూపాయలు మాత్రమే మంజూరు. తక్కినవి కొట్టివేసింది ఈ వ్యాసకర్త.